పెన్న ఇవతలి ఒడ్డు

మా పెదనాయన సోమవారం తెల్లవారుజామున నాలుగున్నరకు మార్కాపురంలో తన ఇంట్లో చనిపోయారు. డెబ్బై దాటిన మనిషి. పలకల కార్ఖానాలో పెట్టెలు కట్టే మేస్త్రిగా పనిచేసి, దగ్గు ఎక్కువై మూడేళ్ల కిందట మానుకున్నారు. చివరి వారం పడుకుంటే ఊపిరి ఆడక గోడకు ఆనుకొని కూర్చునే ఉన్నారు. ఆయనకు కొడుకులు లేరు. తమ్ముడి కొడుకును కనుక తలకొరివి నేను పెట్టాను.

మా వైపు శవాన్ని తల దక్షిణానికి వచ్చేలా పడుకోబెడతారు. ఆ ఉదయం నలుగురం కలిసి చాప తిప్పుతుంటే ఆయన కూతురు, నా చెల్లెలు, ఏడుపు ఆపి మరీ సరిచేసింది. "అది దక్షిణం కాదన్నా, ఇంకొంచెం ఇట్ల. ఆయప్పకు దిక్కు తప్పితే ఒప్పుకోడు." ఆ ఇంట్లో దిక్కుల విషయంలో అశ్రద్ధ కుదరదు. ఎందుకు కుదరదో పాఠకులకు చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఆయన ఏ సభలోనూ మాట్లాడలేదు. ఆయన పేరు ఏ పత్రికలోనూ రాలేదు. ఇక్కడ కూడా పెదనాయన అనే రాస్తాను.

కార్ఖానాలో పెట్టెలు కట్టే షెడ్డు గోడకు ఒక పలక వేలాడుతుండేది. మూల విరిగి అమ్మకానికి పనికిరాకుండా పోయిన పలక. దాని మీద పెదనాయన మేకుతో ఒక నిలువుగీత, ఒక అడ్డగీత గీశారు. గీతలు చెరిగిపోవు. నాలుగు కొసల్లో నాలుగు పేర్లు మాత్రం బలపంతో రాశారు. ఎందుకట్లా అని అడిగితే, "దిక్కు మారదు. మనం పోయే దూరం మారతాది" అన్నారు. గీతలు కలిసే చోట మార్కాపురం. ఒక్కో కొసన, ఆ దిక్కుగా తాను స్వయంగా కాలు పెట్టిన ఆఖరి చోటు ఉండాలి. ఇంకా దూరం పోయివస్తే పాత పేరు తుడిచి కొత్తది రాయాలి. పలకకు ఉన్న నియమం అంతే.

ఆయన కట్టిన పెట్టెలు కలకత్తా పోయేవి, బొంబాయి పోయేవి, ఓడెక్కి రంగూను పోయేవి. పెట్టెల మీద ఆ పేర్లు రాసేది ఆయనే. పలక మీద మాత్రం వాటిలో ఒక్కటీ రాయలేదు. పనిలో కొత్తగా చేరిన ఆడవాళ్లను మొదటి రోజు అడిగే ప్రశ్న కూడా ఇదే: ఏ దిక్కున ఎంత దూరం పోయినావమ్మా? చాలామందికి తూర్పు అంటే పొదిలి, పడమర అంటే గిద్దలూరు. ఒకామె, "నేను యాడికీ పోలే మేస్త్రీ, పుట్టిల్లూ అత్తిల్లూ ఒకే వీధి" అన్నది. "అయితే మధ్యలో ఒక చుక్క పెట్టుకో. అదీ తక్కువేం కాదు" అన్నారాయన.

ఆయన పలక మీద ఉత్తరాన కృష్ణ అని ఉండేది. ఒక శివరాత్రికి దోర్నాల మీదుగా అడవిలో నడిచి శ్రీశైలం పోయి, పాతాళగంగ మెట్లు దిగి నీళ్లలో నిలబడ్డారు. ఎదురొడ్డు నైజాం. పడవవాడు పిలిచినా ఎక్కలేదు. "నీళ్లు ముట్టుకున్నా. నైజాం ముట్టుకోలే" అని చెప్పేవారు. పడమర నంద్యాల, తూర్పున గుంటూరు ఉండేవి. దక్షిణాన తిరుపతి.

ఆ తిరుపతి అబద్ధం.

ఈ సంగతి ఆయన నోటి నుంచి బయటపడేదాకా ఎవరికీ తెలియదు. దాని మొదలు ముప్పై ఏళ్ల పైమాట. అప్పటికి మా వాళ్లు మార్కాపురం పక్క పల్లెలో మెట్టసేద్యం చేసేవారు. నేను నాలుగేళ్లవాణ్ని. నాకు తెలిసినది కొంత మా అమ్మ చెప్పినది, కొంత చాలా ఏళ్లకు ఆయనే చెప్పినది. పెదనాయనకూ పెద్దమ్మకూ ఇద్దరు బిడ్డలు పుట్టి పోయారు. మూడో బిడ్డ కడుపున పడ్డప్పుడు పెద్దమ్మ పసుపుగుడ్డలో ముడుపు కట్టి, బిడ్డ దక్కితే మొగుడు కాలినడకన తిరుపతి వచ్చి తలనీలాలు ఇస్తాడని మొక్కుకుంది. ఆడపిల్ల పుట్టింది. మూడు నెలలు నిలిచింది. పెదనాయన ముడుపు నడుముకు కట్టుకొని ఒక్కరే బయలుదేరారు.

కనిగిరి, పామూరు, ఉదయగిరి దాటి సోమశిల దాకా నడిచారు. అక్కడ పెన్న ఒడ్డున ఆగిపోవలసి వచ్చింది. నదికి వరద. పడవలు కట్టేశారు. ఎనిమిది రోజులు చూశారు. మూటలో బియ్యం అయిపోయాయి, జ్వరం పట్టుకుంది. తొమ్మిదో రోజున అక్కడే ఒడ్డున గుండు చేయించుకొని వెనక్కి తిరిగారు. ఇంటికి పోయి ఉన్నది ఉన్నట్టు చెప్పి, వరద తగ్గాక మళ్లీ పోదామనే ఆయన ఆలోచన.

కానీ యాత్ర పోయినవాడు వస్తున్నాడంటే ఊరి పొలిమేరకు జనం ఎదురు రావడం మా వైపు ఆచారం. ఊళ్లో అడుగు పెట్టకముందే కాళ్లు కడిగి మొక్కుతారు. ఆయన గుండు దూరం నుంచే కనబడింది. పెద్దమ్మ ముందుకు వచ్చి చంటిబిడ్డను ఆయన పాదాల మీద పడుకోబెట్టింది. మొక్కు తీరలేదని ఆ తల్లికి ఆ నిమిషంలో చెప్పవలసి ఉండింది. ఇద్దరు బిడ్డలు పోయిన తల్లికి. ఆయన చెప్పలేదు. ప్రసాదం ఏదని అడిగితే పటికబెల్లం పంచారు. అది ఉదయగిరి అంగట్లో కొన్నది.

తరువాత సేద్యం గిట్టక మార్కాపురం చేరారు. ఊళ్లో పలకల కార్ఖానా తెరిచాక మొగుడూ పెళ్లామూ అందులోనే కుదిరారు. పలక మీద గీతలు గీసి ఉత్తరం, తూర్పు, పడమర రాసి, దక్షిణం కొస దగ్గర ఆయన చేయి ఆగిందట. వెనక పెట్టెల్లో పలకల మధ్య గడ్డి పరిచే ముసలమ్మ ఒకామె ఉండేది, మా పల్లె నుంచే వచ్చిన నోరుగల మనిషి. "ఏంది మేస్త్రీ ఆలోచన? తిరుపతి అని రాయి. కాళ్లు మొక్కినోళ్లం మేమున్నాం గదా" అన్నది. ఆయన రాశారు. అంతదాకా నిజం చెప్పకపోవడం మాత్రమే అయినది, అట్లా చేత్తో రాసిన అబద్ధం అయింది.

ఇక నేను కళ్లారా చూసినది చెబుతాను. పదిహేనేళ్ల కిందట నేను ఆ కార్ఖానాలో ఉత్తరాలు రాసే గుమాస్తాను. కలకత్తా వ్యాపారి దగ్గర నుంచి ఇంగ్లీషులో ఉత్తరం వచ్చింది. వరసగా మూడుసార్లు సరుకు పగిలి చేరింది, ఇక మీ పలకలు వద్దు అని దాని సారాంశం. యజమాని నాకు జవాబు చెప్పి రాయించారు: తప్పు పెట్టెలు కట్టే ఆడవాళ్లది, గడ్డి సరిగా కూరడం లేదు, వాళ్లను తీసివేసి కొత్తవాళ్లను పెడుతున్నాం. తొమ్మిది మంది ఆడవాళ్లు. వాళ్లలో మా పెద్దమ్మ ఉంది, గడ్డి ముసలమ్మ ఉంది, ఆ ఏడే పెళ్లయిన మా చెల్లెలూ ఉంది. వానల్లేని సంవత్సరం. కార్ఖానా కూలి తప్ప ఆ ఇళ్లలో పొయ్యి వెలిగే దారి లేదు. నేను మాత్రం చక్కని అక్షరాలతో రాసి కవరు అంటించాను.

సాయంత్రం పెదనాయన నా బల్ల దగ్గరికి వచ్చారు.

"తప్పు ఆడోళ్లదని రాసినావంట?"

"యజమాని చెప్పినారు, రాసినా."

"నువ్వు చూసినావా?"

"నేనేం చూస్తా పెదనాయనా? పగిలింది యాడనో దోవలో."

"దోవలో అని నువ్వే అంటాండావు. తప్పు ఆడోళ్లదని రాస్తాండావు. నాలుగు రోజులు ఆ కవరు పోస్టు చెయ్యొద్దు."

ఆయన యజమానిని ఒప్పించి, తరువాతి సరుకు వెంట బెజవాడ బయలుదేరారు. నన్నూ రమ్మన్నారు. "రాసినోడివి నువ్వే గదా. చూసేది కూడా నువ్వే" అన్నారు. మా లైను చిన్న రైలుది. కలకత్తా పోవాలంటే బెజవాడలో సరుకు దింపి పెద్ద రైలు పెట్టెల్లోకి ఎక్కించాలి. అక్కడికి చేరాక ఆయన చేసిన పని ఇది: చిన్న వ్యాగను నుంచి దించగానే ఒక పెట్టె విప్పించారు. ఒక్క పలక పగల్లేదు. మళ్లీ కట్టి మేకులు కొట్టి, కూలీలు ఎక్కించేది చూస్తూ నిలబడ్డారు. వాళ్లు పెట్టెలను పక్కకు పడేసి, పొర్లించుకుంటూ తీసుకుపోయారు. పెద్ద వ్యాగన్లో అదే పెట్టె మళ్లీ విప్పించారు. పై వరసలో సగం పలకలు పగిలి ఉన్నాయి.

నేను కోపంతో కూలీల మీద అరిచాను. వాళ్లలో ఒకడు నవ్వాడు. "నువ్వొచ్చి ఎత్తు బాబూ, చూద్దాం. ఎక్కడ పట్టుకోమంటావ్? దీనికేమన్నా చెవులున్నాయా?"

పెదనాయన పెట్టె చుట్టూ ఒకసారి తిరిగి చూశారు. నున్నటి చెక్కలు. పట్టు లేదు. "వాడు చెప్పింది నిజమే" అన్నారు నాతో. "తాడుచెవులు పెట్టనిది నేనే. పెట్టె నేను కట్టించింది. వాళ్లు పొర్లించక ఏం జేస్తారు?" తిరుగు రైలెక్కి మార్కాపురం రోడ్డు స్టేషనులో దిగాం.

మరునాడు షెడ్డులో యజమాని స్టూలు వేయించుకొని కూర్చున్నారు. తొమ్మిది మందీ నిలబడి ఉన్నారు. పెదనాయన చూసినది చూసినట్టు చెప్పారు. గడ్డి తప్పు కాదు, ఆడవాళ్ల తప్పు కాదు, తాడుచెవులు పెట్టకపోవడం తన తప్పు.

యజమాని నమ్మలేదు. "పెండ్లాము ఉంది, కూతురు ఉంది ఈ గుంపులో. నువ్వు ఇంకేం చెప్తావు మేస్త్రీ?"

నేను చూశానని అనబోయాను. "నువ్వు మేస్త్రీ తమ్ముని కొడుకువి, ఊరుకో" అన్నారు యజమాని.

అప్పుడు గడ్డి ముసలమ్మ ముందుకు వచ్చింది. గోడ మీది పలక చూపించింది. "ఎవుర్నంటాండావు సామీ? కాలినడకన తిరుపతి పోయొచ్చిన మనిషి ఆయన. ఆయన నోట్లో అబద్ధం వస్తాదా?"

యజమాని తల తిప్పి పలక వైపు చూశారు. ఆయన ముఖం కొంచెం మెత్తబడింది. ఇది నేను స్పష్టంగా చూశాను. పెదనాయన కాసేపు ఊరుకుని ఉంటే పని అయిపోయేది.

ఆయన గోడ దగ్గరికి నడిచారు. భుజం మీది తువ్వాలు కొసను నీళ్ల కుండలో తడిపి, దక్షిణం కొసన ఉన్న పేరు తుడిచేశారు. బలపం తీసుకొని తీరిగ్గా రాశారు: పెన్న ఇవతలి ఒడ్డు. తరువాత యజమాని వైపు తిరిగారు.

"నేను తిరుపతి పోలే. వరదొచ్చింది, సోమశిల కాడ తిరుక్కున్నా. ఇన్నేండ్లు చెప్పలే. అది అబద్ధం. బెజవాడ నిజం. ఇప్పుడు నమ్ముతావో లేదో నీ ఇష్టం."

మొదట నోరు తెరిచింది పెద్దమ్మే.

"గుండు యాడ చేయించుకున్నావు?"

"ఒడ్డునే."

"ముడుపు?"

ఆయన మేకుల సంచిలో చేయి పెట్టి అడుగు నుంచి ఒక గుడ్డముడి తీశారు. పసుపు పోయి తుప్పు రంగుకు వచ్చింది. మార్కాపురం చేరినప్పటి నుంచి ఆ సంచి ఆయన చేతిలో ఉండగా నేను రోజూ చూసినదే. పెద్దమ్మ ముడి అందుకొంది, కొంగులో కట్టుకొంది, పీట మీద కూర్చొని ఆగిపోయిన పెట్టెలో గడ్డి కూరడం మొదలుపెట్టింది. మా చెల్లెలు తండ్రి వైపూ తల్లి వైపూ మార్చి మార్చి చూసింది. ఆ మొక్కు ఆమె ప్రాణానికి.

యజమాని లేచారు. గుమ్మం దగ్గర ఆగి, "తాళ్లు తెప్పించు మేస్త్రీ. రెండు పక్కలా పెట్టించు" అని వెళ్లిపోయారు. నేను కవరు చించేశాను. తొమ్మిది మందిలో ఎవరి పనీ పోలేదు. తాడుచెవుల పెట్టెలు పోయిన తరువాత కలకత్తా నుంచి వచ్చిన ఉత్తరం నేనే విప్పాను. అందులో మళ్లీ సరుకు పంపమని మాత్రమే ఉంది.

ఇంట్లో సంగతి అంత తొందరగా తేలలేదు. పెద్దమ్మ మూడు రోజులు ఆయనతో మాట్లాడలేదు. అన్నం పెట్టి పక్కకు తిరిగి కూర్చునేది. నాలుగో రోజు ముడుపును దేవుని గూట్లో పెట్టి, మాతో అన్నట్టుగా అన్నది: "పిల్ల బతికింది గదా. అయితే ఆ సామే పెన్న దాటి ఇవతలికి వచ్చిపోయినాడులే." ఊరు మాత్రం వదల్లేదు. బజారులో ఎదురైన ప్రతివాడూ, "ఏం మామా, పెన్న దాటినావా?" అని అడిగేవాడు. "ఇంకా లే అల్లుడా, నీళ్లు తగ్గనీ" అనేవారాయన. కొన్నేళ్లకు అడిగేవాళ్లకే విసుగు పుట్టింది.

ఆ ఏడే పలక మీద తూర్పున గుంటూరు పోయి బెజవాడ వచ్చింది. మరుసటి ఏడు బొంబాయి సరుకు వెంట పోయివచ్చాక పడమర నంద్యాల పోయి గుంతకల్లు వచ్చింది. చిన్న రైలు సరుకు పెద్ద రైలుకు మారే చోటు దాకా పోయి, అక్కడ కూలీలకు పెట్టె ఎట్లా ఎత్తాలో చూపించి, తిరిగి వచ్చేవారు. ఇంకొంచెం పోయి సముద్రం చూసి రావచ్చు కదా అని అడిగాను. "నా పని ఆడిదాకే" అన్నారు.

నేను కార్ఖానా వదిలి ఈ పత్రికకు రాయడం మొదలుపెట్టాక కూడా ఆయన నన్ను వదల్లేదు. పుల్లలచెరువు పక్క పల్లెల్లో బావులు ఎండిపోయాయని ఒకసారి రాశాను. దాన్ని చదివి, నేను ఊరికి పోయినప్పుడు అడిగారు.

"పుల్లలచెరువు పోయినావా?"

"లేదు. తాలూకా ఆఫీసులో చెప్పినారు."

"అయితే తాలూకా ఆఫీసులో చెప్పినారని రాయి. బావి ఎండిందని బావి చూసినోడు రాయాల."

మరునాడు పుల్లలచెరువు పోయాను. ఆఫీసువాళ్లు ఎండిందన్న ఒక బావిలో నీళ్లున్నాయి. వాళ్లు చెప్పని మూడు బావుల్లో లేవు. ఆ తరువాత ఇన్నేళ్లలో నేను రాసిన దేనికైనా పాఠకులు విలువ ఇచ్చి ఉంటే, అందులో ఆయన వాటా ఉంది. ఈ మాట ఆయన బతికుండగా చెప్పి ఉండవలసింది. చెప్పలేదు.

మళ్లీ తిరుపతి ఎందుకు పోలేదని మూడుసార్లు అడిగాను. మూడు జవాబులు వచ్చాయి. మొదటిసారి, "ఇప్పుడు పోతే ఊరి నోరు మూయించేదానికి పోయినట్లయితాది" అన్నారు. రెండోసారి మోకాళ్లు చూపించారు. అప్పటికే రాతిదుమ్ము దగ్గు కూడా మొదలైంది. మూడోసారి, "ఏంది, పేపర్లో ఏస్తావా?" అని నవ్వి, పక్కకు తిరిగి పడుకున్నారు. వీటిలో ఏది నిజమో నాకు తెలియదు. పెద్దమ్మ ఐదేళ్ల కిందట పోయింది. ముడుపు గూట్లోనే ఉంది.

సోమవారం దహనం అయి ఇంటికి వచ్చాక చెల్లెలు గూటి దగ్గరికి పోయి ముడుపు తీసింది. తాను నడిచి తిరుపతి పోతానన్నది. మైలలో కొండకు పోవడమేమిటని పెద్దవాళ్లు కోప్పడ్డారు. పురోహితుణ్ని పిలిపించి అడిగాం. పెళ్లైన కూతురికి మూడు రోజులే మైల, ఆమెకు అడ్డం లేదు, కర్మ చేసేవాడికి మాత్రం ఏడాది అని ఆయన చెప్పాడు. కర్మ చేసేది నేను.

నిన్న ఆమెతో కలిసి షెడ్డుకు పోయాను. పలక అక్కడే ఉంది. దక్షిణం కొసన ఆయన చేతిరాత కొంచెం మాసింది కానీ చదవడానికి వస్తుంది. తిరిగి వచ్చాక దాన్ని తుడిచి తిరుపతి అని రాస్తావా అని అడిగాను.

"అది నాయన పలక" అన్నది. "నాయన పోయినంత దూరం దాంట్లో ఉంది. నేనెందుకు తుడుస్తా?" మూల విరిగిన పలక ఇంకొకటి ఏరుకొంది. మేకుతో నిలువుగీత, అడ్డగీత గీసి పక్కన పెట్టింది. పేర్లేమీ రాయలేదు.

వచ్చే బుధవారం నాకు గుండు చేస్తారు. గురువారం పెద్దకర్మ. శనివారం ఉదయం ఆరు గంటలకు చెల్లెలు ముడుపుతో కనిగిరి బాటన బయలుదేరుతుంది. నాకు ఏడాది దాకా కొండ లేదు కనుక, పెదనాయన ఆగిన చోటు దాకా తోడుగా పోతాను. ఏడో రోజుకు సోమశిల చేరాలని అనుకుంటున్నాం. ఈ ఎండలకు పెన్నలో మోకాటి లోతు నీళ్లు కూడా లేవని అటునుంచి వచ్చినవాళ్లు చెప్పారు. అది వాళ్లు చెప్పినది. ఆమె ఇసుకలో దిగి అవతలి గట్టు ఎక్కేదాకా నేను ఇవతల నిలబడి చూస్తాను. ఆ పైన జరిగినది ఆమె తిరిగి వచ్చి చెప్పాలి.